నాలుగు నోట్లో అనుకో

"సౌండు ఎక్కువైతే చెయ్యెత్తండి మామ్మగారూ, తగ్గిస్తాను" అంటూ ఆ ఇంజనీరు అబ్బాయి నా తలమీద హెడ్‌ఫోన్స్ సర్ది, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. మామ్మగారట. తల ముగ్గుబుట్టయ్యాక అక్కా అంటాడా మరి. గది చిన్నది, కింద చెప్పుల కొట్టులోంచి కొత్త తోలు వాసన మెట్లెక్కి వస్తోంది, గోడలనిండా కోడిగుడ్ల అట్టల్లాంటి నల్లటి స్పాంజి ముక్కలు అంటించారు, ఇక్కడ దగ్గితే ఆ దగ్గు ఎక్కడికీ పోదు, నోటి ముందే పడిపోతుంది. ఎదురుగా తెరమీద ఆకుపచ్చ గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి, అవే పాటలట. నేను పాటలు వినడానికి వచ్చానని ఈ అబ్బాయి అనుకుంటున్నాడు, పాపం మంచి కుర్చీ కూడా వేశాడు. పాటలు ఎవరిక్కావాలి. ఈ రికార్డు రెండో వైపు మూడో పాటకి ముందు, పాట ఇంకా మొదలు కాకుండా, ఒక మనిషి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. ఆ మనిషి మా ఆయన. ఆయన పోయాక ఆయన గొంతు ఈ లోకంలో మిగిలి ఉన్నది ఆ ఒక్కచోటే. దానికోసం వచ్చాను, రెండు బస్సులు మారి, మోకాళ్ళని బతిమాలుకుంటూ.

మొదటిది గొడుగు పాటే, ఇంకేముంటుంది. పెళ్ళిళ్ళలో అదే, టీ కొట్లో అదే, ఆసుపత్రికి ఫోను చేస్తే కాస్త ఆగమని చెప్పి వినిపించేదీ అదే. అరవైల్లో నలుగురు కుర్రాళ్ళు కలిసి నాలుగు గొడుగులు అని పేరు పెట్టుకున్నారు, నలుగురిలో ఒక్కడికీ గొడుగు లేదు, వానొస్తే ఏ కొట్టు చూరు కిందకో పరిగెత్తేవాళ్ళు. పాడేవాణ్ణి అందరూ దువ్వెన అనేవారు, పైజేబులో దువ్వెన లేకపోతే వాడికి స్వరం రాదని. గిటార్లు వాయించే ఇద్దరూ అన్నదమ్ములు, వాయిస్తున్నంతసేపే సఖ్యంగా ఉండేవారు. వెనకాల డ్రమ్ముల దగ్గర మా ఆయన, అందరూ పిలిచే పేరు దరువు. అప్పటికింకా మా ఆయన కాదు, అప్పటికి నాకు ఆయన ఒక చిరిగిన చంక. మా నాన్న దర్జీ, నేను కొట్లో కూర్చుని కాజాలు కుట్టేదాన్ని, నలుగురికీ ఒకే రకం కోట్లు కుట్టిచ్చాం, మెడ దగ్గర మడత లేకుండా, బొత్తాలు గొంతుదాకా. తక్కిన ముగ్గురి కోట్లూ బాగానే ఉన్నాయి, డ్రమ్ముల కుర్రాడిది మాత్రం రెండు చంకలూ పిగిలిపోయాయి. బల్ల ముందు నిలబడ్డాడు. ఏం కావాలన్నాను. పెదవులు కదిలాయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మెడ నరాలు లేచాయి, మాట రాలేదు. చివరికి రెండు చేతులూ పైకెత్తాడు. మా నాన్న కళ్ళజోడు మీదుగా చూసి, "ఇక్కడెవరూ తుపాకీ పట్టుకోలేదులే నాయనా, దించు" అన్నాడు.

ఇదిగో ఇక్కడ, గొడుగు పాటలో రెండో చరణానికి ముందు, ఆయన రెండు పుల్లలూ ఒకేసారి వేసే దెబ్బ, ఈ దెబ్బకే ఆ చంకలు చిరిగింది. ఎప్పుడూ ఇంత స్పష్టంగా వినలేదు. ఈ అబ్బాయి నిజంగా బాగా కడిగాడు పాటని. చేతులు పైకి లేపి కొట్టే మనిషికి మామూలు చంక పనికిరాదని నాకప్పుడు తట్టింది, నాలుగు మూలలున్న చిన్న గుడ్డముక్క కత్తిరించి చంక కింద వేశాను, చెయ్యి లేచినప్పుడు అది విచ్చుకుంటుంది, దించితే ముడుచుకుంటుంది, బయటికి కనబడదు. మళ్ళీ కొన్నాళ్ళకి వచ్చాడు. కోటు చేతిలో పట్టుకుని. బల్లమీద వేలితో మూడుసార్లు కొట్టాడు, నాలుగో దెబ్బ పడాల్సిన చోట, ఒక్క గుక్కలో, ఎక్కడా తట్టుకోకుండా అన్నాడు, "కోటు చిరగలేదు." చిరిగిన బట్ట తెచ్చేవాళ్ళే గాని చిరగని బట్ట తెచ్చి చూపించినవాణ్ణి మా కొట్లో అంతకుముందు చూడలేదు. మా నాన్న మిషను తొక్కడం ఆపి ఒకసారి ఆయన్నీ, ఒకసారి నన్నూ చూసి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

నత్తి అనేవారు జనం, నత్తి కాదది, నత్తి అయితే సగం మాటైనా వస్తుంది, ఈయనకి మాట గుమ్మం దాటేది కాదు. తన పేరు తనకే అడ్డం పడేది. మూడు దెబ్బలు కొట్టుకుంటే మాత్రం నాలుగోదాని మీద మాట జారిపోయేది, ఏరు దాటించే తెప్పలాగ. ఇంట్లో భోజనానికి కూర్చుని, కంచం అంచుమీద టక్, టక్, టక్, ఏం చెబుతాడో అని నేను గరిటె పట్టుకుని ఎదురుచూస్తే, "ఉప్పు తక్కువైంది." అంత ఆర్భాటమూ దానికి. పోట్లాట వచ్చిందా, ఆయన మూడు లెక్కపెట్టేలోపు నేను ముప్పై అనేసి పడుకునేదాన్ని. నాలుగిళ్ళ అవతల ఉన్నవాళ్ళు చాలాకాలం ఆయన మూగవాడనే అనుకున్నారు, ఒకావిడైతే నా అదృష్టాన్ని మెచ్చుకుంది కూడా. పెళ్ళి మాటా అలాగే అడిగాడు, మా నాన్న లేని పూట వచ్చి, నా మిషను చక్రం మీద మూడు దెబ్బలు. నాలుగోది పడేలోపే నేను సరే అన్నాను. అడగనివ్వచ్చు కదా అని ఆయన జీవితాంతం నన్ను దెప్పాడు, మూడేసి దెబ్బలు కొట్టి మరీ.

మూడో పాట అయిపోయింది కాబోలు, ఇది నాలుగోది, దువ్వెన గాడు ఇక్కడ మూలుగుతాడు, అప్పట్లో ఆడపిల్లలు ఈ మూలుగుకి పడి చచ్చేవారు, నాకు మాత్రం వాడికి కడుపునొప్పి వచ్చిందేమో అనిపించేది. ఎన్నిసార్లు వినలేదు ఈ మొదటి వైపు. ఇంటికి ఎవరొచ్చినా గొడుగు పాట పెట్టమనేవారు, పెట్టేవాళ్ళం, మళ్ళీ పెట్టమనేవారు. ఆయన మూల కుర్చీలో కూర్చుని, టీపాయి మీద వేలితో కొట్టి, "రెండో వైపు బాగుంటుంది" అనేవాడు. ఆ అంటాం, అలాగే అంటాం, ముందు గొడుగు పాట ఇంకోసారి పెట్టవయ్యా అంటారు చుట్టాలు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని సామెత ఊరికే పుట్టలేదు, కానీ కొమ్ములు చూసేదాకా ఉండే ఓపిక ఎవరికుంటుంది. తర్వాత మా ఆడపడుచు తన కూతురి పెళ్ళిలో వేస్తానని రికార్డు పట్టుకెళ్ళింది. ఆవిడ చేతికెళ్ళిన వస్తువు తిరిగొచ్చిన చరిత్ర మా ఇంట్లో లేదు. ఆపైన గ్రామఫోను కూడా పాడైంది, దానిమీద దారపు రీళ్ళ డబ్బా పెట్టుకున్నాను. అప్పటికి గొడుగులు ఎప్పుడో ముడుచుకున్నాయి, దువ్వెన సినిమాల్లో పాడబోయి చెడ్డాడు, అన్నదమ్ములు ఆస్తి పంచుకుని గిటార్లు అమ్ముకున్నారు, మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో చేరాడు, కాగితాలు లోపలికి లాగే మిషను దగ్గర. ఆ మిషను చప్పుడులో సరిగ్గా మూడు చిన్నవి, ఒక పెద్దది ఉంటాయని ఇంటికొచ్చి చెప్పాడు, ఆ ఉద్యోగంలో ఆయనకి నచ్చినది అదొక్కటే.

ఆ రోజు రేడియో పెట్టుకుని కాలరు కుడుతున్నాను. మధ్యాహ్నంపూట ఒక అమ్మాయి ఎవరూ పట్టించుకోని పాటలు వెతికి వెతికి వేస్తుంది, మనసులో ఎవరితోనో మాట్లాడుకుంటున్నట్టు నెమ్మదిగా చెబుతుంది, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు అలాంటి గొంతు ఒకటి ఉంటే గదిలో గాలి ఆడుతున్నట్టుంటుంది. నాలుగు గొడుగుల్ని అందరూ ఒక్క పాటతో కొట్టిపారేశారు, ఈ రికార్డుని తిప్పి చూసినవాళ్ళు ఎంతమంది, ఇదిగో వినండి అంది. నేను అబ్బో అనుకున్నాను, ఇన్నాళ్ళకి ఒకతి తిప్పిందన్నమాట అనుకున్నాను, అంతలో మా ఇంట్లో, మిషను పక్కన, కిటికీ దగ్గర, మా ఆయన ఒకటి, రెండు, మూడు అన్నాడు. కుట్టు కాలరు దాటి, భుజం మీదుగా ఎక్కడికో పోయింది. నా కాలు మిషను తొక్కుతూనే ఉంది, గుడ్డ అయిపోయింది, దారం అయిపోయింది, సూది ఉత్తనే లేస్తూ పడుతూ ఉంది. పాట ఎప్పుడైపోయిందో తెలియదు. తర్వాత రేడియోకి ఫోను చేస్తే ఆ అమ్మాయే మాట్లాడింది, అది రెండో వైపు మూడో పాటట, రికార్డు ఎవరో పాతవి సేకరించే పెద్దమనిషిదట, పసిబిడ్డలా గుడ్డలో చుట్టి తెచ్చి, అలాగే చుట్టి పట్టుకుపోయాడట. "అమ్మా, మీకు తెలీదా, ఆ రికార్డు మళ్ళీ కొత్తగా వేస్తున్నారు, రెండు వైపులా, ఒక్క పాట వదలకుండా. శుభ్రం చేసే అబ్బాయి నా స్నేహితుడే. డ్రమ్ములాయన భార్యంటే నెత్తిన పెట్టుకుంటాడు, వెళ్ళి వినండి" అంది. ఎందుకు వింటానో ఆ అమ్మాయికి చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆడపడుచు అందరితోనూ చెబుతుంది, కానీ ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓస్ ఇంతేనా అంటారు, మూడు అంకెలే కదా అంటారు.

అబ్బాయి చెయ్యి ఊపుతున్నాడు. హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి జరిపాను.

"మొదటి వైపు అయింది మామ్మగారూ. ఎలా ఉంది?"

"బాగా ఉతికావు బాబూ."

నవ్వాడు. చెవికి పోగు, గడ్డం కింద బిస్కెట్ పొడి, ఎవరి బిడ్డో. "ఎంత మురికి ఉండిందో చెప్పలేను. గీతల చప్పుడు, దుమ్ము చప్పుడు, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, ఒకచోట దగ్గు కూడా ఉంది, అన్నీ ఏరి పారేశాను. రేపు పొద్దున్నే ఫ్యాక్టరీకి పంపేస్తాం. రెండో వైపు పెట్టనా?"

పెట్టమన్నాను. హెడ్‌ఫోన్స్ సర్దుకున్నాక గాని ఆ మాట నాలో దిగలేదు. కుర్చీ చప్పుడు, దగ్గు. ఏరి పారేశాను. అడగాలి, అడగొచ్చు, ఇక్కడే ఉన్నాడు, నోరు తెరిస్తే చాలు, బాబూ రెండో వైపు మూడో పాటకి ముందు ఒక గొంతు ఉంటుంది, దాన్నేం చేశావు. కానీ పాట మొదలైపోయింది, అడిగితే జవాబు వస్తుంది, అడగకపోతే ఇంకో రెండు పాటలసేపు ఆ గొంతు అక్కడ ఉన్నట్టే. భయం వేస్తోంది, ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు వేసిన భయమే, లోపలినుంచి ఎవరూ బయటికి రాకుండా ఉంటే బాగుండునని.

ఈ పాట నాకు తెలియనే తెలియదు. ఎంత నెమ్మదిగా ఉందో, దువ్వెన మూలగడం లేదు, అద్దెగదిలో ఒంటరిగా కూర్చుని గోడ అవతలివాళ్ళ మాటలు వినే మనిషి గురించి పాడుతున్నాడు, మా ఆయన పుల్లలతో కాకుండా మెత్తటి కుంచెలాంటి దానితో డ్రమ్ముని నిమురుతున్నాడు, చెయ్యి పైకి లేవడం లేదు, ఈ పాటకైతే ఆ చంక ముక్క అవసరమే లేదు. బాగుంటుంది అని ఎన్నిసార్లు చెప్పాడు. బాగుంది. నిజంగానే బాగుంది. గోడ అవతలి మాటలు వినడం ఇప్పుడు నాకు వచ్చు, పక్కవాటాలో మొగుడూ పెళ్ళాం పొద్దున్నే దుప్పటి మడతల గురించి పోట్లాడుకుంటే నేను టీ చల్లార్చుకుంటూ వింటాను, వాళ్ళు రాజీపడిపోతే ఆ రోజంతా తోచదు. ఆయన పోయిన కొత్తలో మా ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాను, ఉన్నప్పుడు మాత్రం ఏం మాట్లాడాడు గనక. కానీ మాట్లాడని మనిషి ఉన్న ఇల్లు వేరు, మనిషి లేని ఇల్లు వేరు, ఆ తేడా ఎవరికీ చెప్పి ఒప్పించలేను.

ఆయన మొహానికి నాకు కొదవలేదు, ఫొటోలున్నాయి, ఫోనులో మా మేనల్లుడు తీసిన వీడియోలున్నాయి, వాటిల్లో ఆయన చెయ్యి ఊపుతాడు, తల ఊపుతాడు, కెమెరా దగ్గరికొస్తే పక్కకి తప్పుకుంటాడు. మాట లేదు. ఒక్కదాంట్లోనూ లేదు. మొదటి ఏడాది గొంతు గుర్తుండేది, కళ్ళు మూసుకుంటే వచ్చేది, తర్వాత ఎప్పుడో, సబ్బు అరిగిపోయినట్టు, రోజూ వాడుతూనే ఉన్నా ఏ రోజు అయిపోయిందో తెలియలేదు. మాటలు గుర్తున్నాయి, ఉప్పు తక్కువైంది, కోటు చిరగలేదు, అన్నీ గుర్తున్నాయి, కానీ అవన్నీ నా గొంతులో గుర్తున్నాయి. ఆయన మాటలు నేనే అనుకుని నేనే వింటున్నాను. ఆ సంగతి గ్రహించిన రోజు ఆయన రెండోసారి పోయినట్టయింది, ఈసారి ఎవరూ పలకరించడానికి కూడా రాలేదు.

రెండో పాట వచ్చింది, గిటార్ల అన్నదమ్ములు ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం వస్తున్నట్టు వాయిస్తున్నారు, దీని తర్వాతే. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, రికార్డింగు అయ్యాక అట్టమీద వేసే ఫొటో తీస్తారని, కోట్లు ఇస్త్రీ చేసి, సూదీదారం పట్టుకుని వెళ్ళి మెట్లమీద కూర్చున్నాను. రికార్డింగు పెద్దాయన ఒకడు, పొట్టివాడు, గడియారం చూసుకుంటూ అరిచేవాడు. ప్రతి పాటకీ లెక్క పెట్టాల్సింది డ్రమ్ముల మనిషే, ఒకటి రెండు మూడు నాలుగు అంటే అందరూ ఒక్కసారి ఎత్తుకుంటారు. మిగతా ముగ్గురూ ఈయన వంక భయంగా చూస్తుంటే, ఈయన చక్కగా, గుక్క తిప్పుకోకుండా అన్నాడు, అంకెలు ఈయనకి ఎప్పుడూ అడ్డం పడలేదు, అవి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేని మాటలు కదా. పెద్దాయన అద్దం అవతలినుంచి అరిచాడు, "నాలుగు బయటికి అనకు. నాలుగు నోట్లో అనుకో. అక్కడ ఖాళీ ఉంటేనే నేను లెక్క కత్తిరించి పారేయగలను." అప్పటినుంచి ప్రతి పాటకీ మూడు పైకి, ఒకటి లోపలికి. ఆ అలవాటు ఆయనకి ఎప్పటికీ పోలేదు, బస్సు ఎక్కేటప్పుడు కూడా పెదవులు కదిలేవి. పెద్దాయన మొదటి వైపు పాటల మొదళ్ళు జాగ్రత్తగా కత్తిరించాడు. రెండో వైపుకొచ్చేసరికి ఆకలేసిందో, ఎవడు వింటాడులే అనుకున్నాడో, ఒకచోట మరిచిపోయాడు. వాడికి బద్ధకం రావడం వల్ల నాకు మొగుడు మిగిలాడు.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆయన కళ్ళు మూసుకునే ఉండేవాడు. ఆ సాయంత్రం మంచం పక్కన ఇనప కమ్మీ మీద వేలు కదిలింది. టక్. నేను పైట సర్దుకుని ముందుకి వంగాను. టక్. చెప్పండి, వింటున్నాను అన్నాను. టక్. నాలుగోది రాలేదు, మాట రాలేదు. నేను అలాగే వంగి ఉన్నాను, నర్సు వచ్చి భుజం పట్టుకుని లేవదీసేదాకా. ఏం చెప్పబోయాడో. బహుశా మంచినీళ్ళు అడిగేవాడేమో, లేకపోతే ఫ్యాను తగ్గించమనేవాడేమో, ఆ మనిషిని నమ్మడానికి లేదు. అయినా ఇప్పటికీ రోజులో ఏదో ఒక పూట చేతిలో పని ఆపేసి ఉంటాను, ఎందుకు ఆపానో తెలియదు, ఎదురుచూస్తూ ఉంటాను.

అన్నదమ్ములు ఆగారు. నిశ్శబ్దం. ఇదే. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. నిశ్శబ్దం చాలా శుభ్రంగా ఉంది, ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా ఉంది, దాంట్లో ఊపిరి లేదు, కుర్చీ లేదు. గిటారు మొదలైంది. మొదలైపోయింది. పాట నడుస్తోంది, మా ఆయన వాయిస్తున్నాడు, బ్రహ్మాండంగా వాయిస్తున్నాడు, ముందు ఆయన లేడు. నేను చెయ్యెత్తాను.

"సౌండు ఎక్కువైందా?"

"ఇంకోసారి పెట్టు. ఈ పాటే."

పెట్టాడు. మళ్ళీ అదే తెలుపు, అదే గిటారు. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, అబ్బాయి నావైపు తిరిగి సంబరంగా చూస్తున్నాడు. "ఇది మీకూ నచ్చిందా? నాకూ ఇదే ఇష్టం. మొత్తం రికార్డులో దీనికే ఎక్కువ కష్టపడ్డాను, దీని ముందు బోలెడు గొడవ ఉండేది. ఇప్పుడు చూడండి, కడిగిన ముత్యంలా లేదూ?"

కోపం రావాల్సింది. రాలేదు, ఎలా వస్తుంది, కోటు పూర్తయ్యాక కచ్చాకుట్టు దారాలు నేను మాత్రం లాగెయ్యనా. ముక్కలన్నిటినీ పట్టి ఉంచినదే ఆ దారం, పని అవగానే మొదట పారేసేదీ దాన్నే. ఇన్నేళ్ళూ ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్నన్నాళ్ళూ ఆయన అక్కడ క్షేమంగా ఉన్నాడు, ప్రేమగా ఒకడు చేతిలోకి తీసుకోగానే పోయాడు. చెప్పాలి వీడికి. నోరు తెరిచాను. మాట రాలేదు. నాకు, ముప్పై అని పడుకునేదానికి, గొంతులో అడ్డం పడి, మెడ నరాలు లేచి, పెదవులు కదిలి, ఏమీ రాలేదు. అబ్బాయి కంగారుపడి లేవబోయాడు, మంచినీళ్ళు కావాలా అంటున్నాడు. నా చెయ్యి దానంతట అదే లేచి బల్లమీద కొట్టింది. టక్. టక్. టక్.

"ఆ గొడవ మా ఆయన" అన్నాను.

అబ్బాయి తెరవంక చూశాడు, నా చేతివంక చూశాడు. "లెక్కపెట్టేది... డ్రమ్ములాయనా?" అన్నాడు. అవునన్నాను. "అయ్యో" అని కీబోర్డు మీదకి వంగాడు. పాత ఫైలు ఉందా అని అడగాలనుకున్నాను, అడగలేదు. ఏవేవో తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, పెదవి కొరుక్కుంటున్నాడు, తీసేసిన డబ్బాలో చూస్తున్నాను అన్నాడు తనలో తను. కింద చెప్పుల కొట్టులో ఎవరో కొత్త జోడు నేలకేసి కొట్టి చూసుకుంటున్నారు. "ఉంది" అన్నాడు, "ఉంది మామ్మగారూ, కడగకముందుది మొత్తం ఉంది. పెట్టుకోండి."

మొదట వాన. వాన కాదు, దుమ్ము, రికార్డు మీది దుమ్ము కురుస్తోంది. కుర్చీ కిర్రుమంది, అన్నదమ్ముల్లో ఎవడో దగ్గాడు, చిన్నవాడే అయ్యుంటాడు, వాడికెప్పుడూ జలుబే. తర్వాత ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో ఏమిటి. నా పక్కన అన్నేళ్ళు పడుకున్న ఊపిరి నాకు తెలియదా. ఒకటి. ఇంత చిన్న గొంతా, మీసం కూడా సరిగ్గా రాని గొంతు, ఇతన్నా నేను చివర్లో చెయ్యి పట్టుకుని బాత్రూముకి నడిపించింది. రెండు. ఎక్కడా తట్టుకోవడం లేదు, ఎవరికీ భయపడడం లేదు, కోటు చిరగలేదని చెప్పడానికి వచ్చిన కుర్రాడు, అచ్చం అదే. మూడు. ఇక ఖాళీ. పెద్దాయన కత్తిరించుకోవడానికి వదలమన్న ఖాళీ, కత్తిరించడం మరిచిపోయిన ఖాళీ. అక్కడ ఆయన మాట్లాడకుండా లేడు, నోట్లో అనుకుంటున్నాడు, అన్నాడు కాబట్టే నలుగురూ ఒక్కసారిగా ఎత్తుకున్నారు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆసుపత్రిలో కమ్మీ మీద మూడు కొట్టాక కూడా ఆయన ఆగిపోలేదు. నాలుగు లోపల అనుకున్నాడు, అలవాటు కదా, అక్కడ ఎత్తుకోవాల్సింది నేను. ఏడుస్తున్నాను కాబోలు, హెడ్‌ఫోన్స్ కింద చెంపలు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు.

పాట అయ్యాక అబ్బాయి నావైపు చూడకుండా తెరమీద గీతల్లో వేలు పెట్టి చూపించాడు. "తిరిగి పెట్టేస్తాను మామ్మగారూ. కొత్త రికార్డులో ఉంటుంది, అందరూ వింటారు. ఎక్కణ్ణుంచి పెట్టమంటారు, ఒకటి దగ్గర్నుంచేనా?"

"కాదు బాబూ" అన్నాను, "ఊపిరి తీసుకున్న దగ్గర్నుంచి పెట్టు."